భూమిని చూసే ఉపగ్రహానికి సైన్స్ టీమ్‌ను నడపడం ఎలా?

శ్రీహరికోటలోని షార్‌లో ప్రయోగం ఉందంటే తిరుపతిలో చాలామంది మిద్దెలెక్కి తూర్పు దిక్కు చూస్తారు. పొగ చార కనబడి, టీవీలో చప్పట్లు వినబడ్డాక అందరూ కిందికి దిగిపోతారు. సైన్స్ టీమ్‌కి మాత్రం అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఆ ఉపగ్రహం పంపే అంకెల్లో వేటిని నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అని తేల్చాల్సింది వాళ్లే.

గాదంకి రాడార్ కేంద్రంలోనో, ఏర్పేడు దగ్గరి ఐఐటీ, ఐసర్‌లలోనో, ఎస్వీ యూనివర్సిటీలోనో పనిచేస్తూ ఒక మిషన్‌కి సైన్స్ లీడ్‌గా బాధ్యత మీద పడినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రాకెట్, బడ్జెట్, ఉపగ్రహం తయారీ చూసుకోవడానికి ప్రాజెక్ట్ డైరెక్టర్లు, ఇంజనీర్లు ఉంటారు. మీ చేతిలో ఉండే పని ఒకటే. బయటికి వెళ్లే ప్రతి అంకె పక్కన "ఇందులో ఇంత తేడా ఉండొచ్చు" అని నిజాయితీగా రాసేలా టీమ్‌ను నడపాలి. కింద చెప్పేవన్నీ దానికోసమే.

మొదట ప్రశ్నను ఒక పేజీలో తేల్చండి

"చిత్తూరు, తిరుపతి జిల్లాల చెరువుల్లో నీళ్లెంత ఉన్నాయో ఉపగ్రహంతో చెబుదాం" అనుకోండి. వినడానికి బాగుంది. కానీ ఇది ఇంకా ప్రశ్న కాలేదు. ఆ అంకె ఎవరికి కావాలి, దాన్ని చూసి వాళ్లు ఏం నిర్ణయం తీసుకుంటారు?

2021 నవంబర్‌లో వానలకు తిరుపతి వీధులు మునిగాయి. స్వర్ణముఖి పొంగింది. రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ రాత్రి ఇరిగేషన్ ఏఈకి కావాల్సింది గంట గంటకూ సమాచారం. పన్నెండు రోజులకోసారి ఒకే చోటికి వచ్చే ఉపగ్రహం ఆ సాయం చేయలేదు. చేస్తుందని మీరు ప్రపోజల్‌లో రాయకూడదు. అదే జనవరిలో, ఉన్న నీళ్లతో ఆయకట్టు కింద రెండో పంటకు వరి వేయాలా, వేరుశనగ వేయాలా అని చూసే రైతులకు పన్నెండు రోజులకో అంకె చాలా ఎక్కువ.

ఇక్కడి నుంచి ఒక్కో మెట్టు దిగండి. మన చెరువులు నిండేది ఎక్కువగా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో. అప్పుడు ఆకాశమంతా మబ్బు. మామూలు కెమెరా లాంటి సెన్సర్‌కి కింద ఏమీ కనబడదు. కాబట్టి మబ్బును దాటి చూసే రాడార్ కావాలి. తర్వాత పిక్సెల్, అంటే చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద ఎంత మేర చూస్తుందన్నది. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. 30 మీటర్ల పిక్సెల్‌తో ఎకరం కుంటను చూస్తే నాలుగున్నర పిక్సెళ్లు పడతాయి, వాటిలో దాదాపు అన్నీ గట్టు మీదే. సగం నీళ్లు, సగం మట్టి. 10 మీటర్ల పిక్సెల్ అయితే నలభై వస్తాయి, మధ్యలో కొన్నయినా పూర్తిగా నీళ్ల మీద పడతాయి. ఇంకో మెట్టు దిగితే మరో చిక్కు తగులుతుంది. ఉపగ్రహం చూపేది నీటి విస్తీర్ణాన్ని, లోతును కాదు. పూడిక పేరుకున్న చెరువూ, పూడిక తీసిన చెరువూ పైనుంచి ఒకేలా కనబడతాయి. అంటే మీ ప్రశ్న "నీళ్లెంత" కాదు, "నీరు ఎన్ని ఎకరాల్లో పరుచుకుంది" అన్నది. లోతు లెక్క వేరే సర్వేతో రావాలి.

ఇదంతా ఒక పేజీలో పట్టికగా రాయండి. ఎడమ చివర ప్రశ్న, తర్వాత కొలవాల్సిన రాశి, ఎంత ఖచ్చితంగా, ఎన్ని రోజులకోసారి, ఎంత పిక్సెల్, చివర దానికి కావాల్సిన పరికరం. ప్రతి అంకెకూ రెండు విలువలు పెట్టండి: ఇది ఉంటే బాగుంటుంది అన్నది ఒకటి, ఇంతకన్నా తగ్గితే మిషన్ పెట్టడమే వృథా అన్నది రెండోది. ఈ రెండో విలువ రాయడానికి చాలామందికి చేయి రాదు. రాయించండి. రేపు బరువు తగ్గించాలనో, కరెంటు చాలదనో ఇంజనీర్లు వచ్చినప్పుడు మీరు ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగకూడదు అన్నది చెప్పేది అదే. అప్పటికప్పుడు సమావేశంలో ఆలోచిస్తే గొంతు పెద్దగా ఉన్నవాళ్ల మాటే నెగ్గుతుంది.

టీమ్‌ను మిషన్ వయసుకు తగ్గట్టు కట్టండి

నైసార్ అనే రాడార్ ఉపగ్రహానికి ఇస్రో, నాసాల మధ్య ఒప్పందం కుదిరింది 2014 సెప్టెంబర్‌లో. అది శ్రీహరికోట నుంచి ఎగిరింది 2025 జులై 30న. మధ్యలో దాదాపు పదకొండేళ్లు. మీ దగ్గర చేరే ప్రాజెక్ట్ అసోసియేట్ కాంట్రాక్టు రెండు మూడేళ్లు. పీహెచ్‌డీ విద్యార్థి ఐదేళ్లు. మొదటి రోజు ఉన్నవాళ్లలో చాలామంది ప్రయోగం నాటికి ఉండరు. దీన్ని దురదృష్టంగా కాకుండా లెక్కలో ముందే వేసుకోవాల్సిన విషయంగా చూడండి.

అందుకే ప్రతి పనికీ ఇద్దరు తెలిసినవాళ్లు ఉండాలి. అల్గారిథమ్ (ముడి డేటా నుంచి అంకె తీసే లెక్క) రాసేవారు ఒకరు, దాన్ని చదివి తిరిగి నడపగలిగేవారు ఇంకొకరు. అల్గారిథమ్ వెనక ఉన్న భౌతికశాస్త్రం, ఊహలు, అవి ఎక్కడ చెల్లవు అన్నవన్నీ ఒక పత్రంలో ఉండాలి. వెళ్లిపోయే మనిషి చివరి వారంలో హడావిడిగా రాసే నోట్స్ ఎవరికీ అర్థం కావు. నెలనెలా రాసిందే పనికొస్తుంది. ఒక నిర్ణయాల పుస్తకం కూడా పెట్టండి: ఏ తేదీన, ఏ కారణంతో, దేన్ని వద్దనుకుని దీన్ని ఎంచుకున్నాం. నాలుగేళ్ల తర్వాత కొత్తగా వచ్చిన అమ్మాయి "ఈ థ్రెషోల్డ్ ఇంతే ఎందుకు పెట్టారు సార్?" అని అడిగితే "అప్పట్లో ఎవరో పెట్టారమ్మా" అన్న జవాబు రాకూడదు.

పేపర్ల మీద పేర్లు ఎలా వేయాలో మొదటి ఏడాదిలోనే మాట్లాడేసుకోండి. కట్ట మీద నిలబడి కొలతలు తీసినవాళ్ల పేరు ఉండాలా వద్దా అన్న ప్రశ్న డేటా వచ్చాక లేపితే మనసులు విరుగుతాయి. నా వరకు ఉండాలి. ఆ కొలత లేకపోతే పేపరే లేదు.

విదేశీ భాగస్వాములుంటే ఇంకో విషయం. ఎండాకాలంలో ఇక్కడ రాత్రి తొమ్మిదయితే కాలిఫోర్నియాలో ఉదయం ఎనిమిదిన్నర. సమావేశాలన్నీ మన రాత్రికే పడుతూ ఉంటాయి. చంటిబిడ్డ ఉన్నవారికి, ఊరి బయట ఉండేవారికి అది ఎంత కష్టమో ఆలోచించండి. ఒక నెల మన రాత్రి, ఒక నెల వాళ్ల రాత్రి అని ఒప్పించండి. అడిగితే ఒప్పుకుంటారు. అడగాల్సింది మీరే, మీ జూనియర్లు అడగలేరు.

యూనిట్లు, టైమ్ ముందే తేల్చుకోండి

చిన్న విషయంలా ఉంటుంది. నాసా అంగారకుడికి పంపిన ఒక ఆర్బిటర్ 1999లో, ఒక టీమ్ పౌండ్లలోనూ ఇంకో టీమ్ న్యూటన్లలోనూ లెక్క వేసినందుకు పోయింది. మనకు అంత నాటకీయంగా జరగదు, మెల్లగా జరుగుతుంది.

వాననే తీసుకోండి. వాతావరణ శాఖ రోజువారీ వర్షపాతం ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా లెక్క. ఉపగ్రహ ఉత్పత్తుల్లో రోజు అంటే చాలావాటికి గ్రీనిచ్ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా, మన టైమ్‌లో ఉదయం ఐదున్నర నుంచి ఐదున్నర. నవంబర్ 18 మధ్యాహ్నం కురిసిన వాన వానకొలత కేంద్రం రిజిస్టర్‌లో 19 ఉదయం రాసే అంకెలో చేరుతుంది. ఉపగ్రహం ఫైల్‌లో 18వ తేదీ కింద ఉంటుంది. రెండింటినీ తేదీ చూసి జత చేస్తే పరికరం ఎంత మంచిదైనా చెత్తగా కనబడుతుంది. ఈ తేడా తెలియక ఒక విద్యార్థి నెలల తరబడి అల్గారిథమ్‌ను సరిచేస్తూ కూర్చునే అవకాశం ఉంది. ఫీల్డ్ పుస్తకాల్లో టైమ్ పక్కన ఐఎస్‌టీయా (మన టైమ్), యూటీసీయా (గ్రీనిచ్ టైమ్) అని ప్రతి వరుసలోనూ రాయాలని మొదటి రోజే చెప్పండి. ఎత్తు దేని నుంచి కొలిచారు, ఏ మ్యాప్ ప్రొజెక్షన్, లేని డేటాకు ఏ గుర్తు అన్నవి కూడా అదే కాగితం మీద ఉండాలి.

ప్రయోగానికి ముందే ఉత్తుత్తి డేటాతో మొత్తం నడిపి చూడండి

కంప్యూటర్‌లో తయారు చేసిన డేటాను లెవెల్-0 నుంచి, అంటే ఉపగ్రహం నుంచి దిగిన ముడి రూపం నుంచి, వాడేవాళ్ల చేతికి వెళ్లే చివరి మ్యాప్ దాకా మొత్తం దారి నడిపించండి. అందులో కావాలనే కొన్ని తప్పులు పెట్టి, టీమ్‌లో ఎవరికీ చెప్పకండి. ఒక స్కాన్ వరుస తప్పించండి, ఒక చోట టైమ్ జరపండి. ఎవరు పట్టుకుంటారో చూడండి. విమానంలో అలాంటి పరికరాన్ని పెట్టి తిప్పే అవకాశం దొరికితే వదలొద్దు. నైసార్‌కు ముందు ఇస్రో ఎల్, ఎస్ బ్యాండ్ల (రెండు వేర్వేరు తరంగదైర్ఘ్యాల) రాడార్‌ను విమానంలో పెట్టి ఆ పనే చేసింది.

నేల మీది కొలతకు మీరే వెళ్లండి

ఇక్కడే కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే లీడర్లు ఎక్కువగా వదిలేసేది ఇదే. బడ్జెట్ కోత పడినా మొదట ఎగిరిపోయేది ఫీల్డ్ వర్కే. ఉపగ్రహం చెప్పింది నిజమో కాదో తేల్చే దారి నేల మీది కొలత ఒక్కటే. దాన్ని కోస్తే మీరు పెట్టిన తేడా అంకెకు ఆధారం ఉండదు.

రాడార్ ఉపగ్రహానికి క్యాలిబ్రేషన్ (దాని కొలతను ముందే తెలిసిన విలువతో సరిచూడటం) చేయాలంటే పొలాల్లో కార్నర్ రిఫ్లెక్టర్లు పెట్టాలి. మూడు లోహపు పలకలను ఒకదానికొకటి నిలువుగా, మూలలా బిగించిన పరికరం అది. అంచు మీటరున్నర, రెండు మీటర్లు ఉంటుంది. పైనుంచి పడ్డ రాడార్ తరంగాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. చిత్రంలో మెరిసే చుక్కలా కనబడుతుంది. దాని కొలతల్ని బట్టి ఆ చుక్క ఎంత మెరవాలో ముందే లెక్క తెలుసు. కాబట్టి ఉపగ్రహం చెప్పిన మెరుపుకూ, రావాల్సిన మెరుపుకూ ఎంత తేడా ఉందో చూసుకోవచ్చు.

కాగితం మీద అంతే. పొలంలో వేరు. వాన పడితే ఆ మూలలో నీళ్లు నిలుస్తాయి, లెక్క మారిపోతుంది. అందుకని అడుగున రంధ్రం ఉండాలి. ఆకులు, మట్టి పడి ఆ రంధ్రం మూసుకుపోతుంది కాబట్టి ఉపగ్రహం దాటే ముందు రోజు ఎవరో ఒకరు వెళ్లి పుల్లతో తీయాలి. మేకలు దాని నీడలో పడుకుంటాయి, ఆనుకుని రుద్దుకుంటే కోణం జరుగుతుంది. చుట్టూ కంచె వేస్తే అది ఇనుప కంచె కాకూడదు, దాని మెరుపు కూడా చిత్రంలోకి వస్తుంది. ఇక ఊరివాళ్లు. "ఏంది సార్ ఇది, సెల్ టవరా? పిల్లోళ్లకు ఏమన్నా అయితాదా?" అని అడుగుతారు. అడగడం వాళ్ల హక్కు. దీంట్లో కరెంటు లేదన్నా, వైరు లేదు, దీని నుంచి ఏమీ రాదు, పైనుంచి వచ్చినదాన్ని తిప్పి పంపుతుందంతే అని విప్పి చూపించండి. పొలం యజమాని ఒప్పుకున్నాక, సర్పంచ్‌కీ సచివాలయంలోనూ చెప్పాకే గుంత తవ్వాలి. చెప్పకుండా పెట్టిన పలక వారంలో పాత ఇనుము కొట్టుకి చేరినా ఆశ్చర్యం లేదు. చెప్పి పెడితే ఆ ఊరే కాపలా కాస్తుంది.

చెరువు కొలతకు కూడా అంతే. రాడార్‌కి నిశ్చలంగా ఉన్న నీరు నల్లగా కనబడుతుంది. గాలి తోలితే అలలు లేచి తెల్లబడుతుంది. నీళ్లలో తూటికాడ, కంపచెట్లు నిలబడి ఉంటే తరంగం నీటి మీద, కాండం మీద రెండుసార్లు తగిలి ఇంకా మెరుస్తుంది. అల్గారిథమ్ దాన్ని పొడి నేల అనుకుంటుంది. ఫలితంగా నిండిన చెరువు సగమే నిండినట్టు చూపిస్తుంది. ఈ సంగతి మీ కంప్యూటర్ ముందు తెలియదు. నైసార్ లాంటి ఉపగ్రహం మనల్ని దాటేది ఉదయం ఆరు, సాయంత్రం ఆరు ప్రాంతంలో. ఆ టైమ్‌కి జీపీఎస్ పట్టుకుని నీటి అంచు వెంట నడిచినవాళ్లకు తెలుస్తుంది. చెరువు నీళ్లు వదిలే నీరుగంటిని అడిగితే ఇంకా బాగా తెలుస్తుంది. ఏ తూము దగ్గర ఎంత లోతు, మొరవ ఎప్పుడు పారింది, ఏ వైపు పూడిక ఎక్కువ అన్నవి ఆయన నోటి మీద ఉంటాయి. రాసుకోండి, తేదీతో సహా.

గాదంకిలో పైకి పోతూ ఉష్ణోగ్రత, తేమ కొలిచే రేడియోసాండ్ బెలూన్లు సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో ఎగరేస్తారు. ఉపగ్రహం చెప్పిన ఉష్ణోగ్రత, తేమలను వాటితో పోల్చేటప్పుడు ఒక మాట అడగండి: బెలూన్ ఎక్కడికి పోయింది? నైరుతి రుతుపవనాల నెలల్లో కింద పడమటి గాలి దాన్ని తూర్పుకు తోస్తుంది, పైన పదిహేను కిలోమీటర్ల దగ్గర బలమైన తూర్పు గాలి పడమటికి లాక్కుపోతుంది. అంత ఎత్తు చేరేసరికి దాదాపు గంట పడుతుంది. ఇన్సాట్-3డీ వాతావరణ ఉపగ్రహం మీద ఎత్తుల వారీగా ఉష్ణోగ్రత, తేమ కొలిచే సౌండర్ పిక్సెల్ పది కిలోమీటర్లు. బెలూన్ ఆ పిక్సెల్ దాటి ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. గాదంకి నెత్తి మీది పిక్సెల్‌తో అన్ని ఎత్తుల్నీ పోలిస్తే, ఉపగ్రహం మీద లేని తప్పు మోపినట్టే. బెలూన్ వెళ్లిన దారిలో ఒక్కో ఎత్తుకు ఒక్కో పిక్సెల్ తీసుకోవాలి.

ఏడాదికి కొన్నిసార్లయినా మీరు స్వయంగా ఫీల్డ్‌కి వెళ్లండి. ఫీల్డ్ కుర్రాళ్ల టీఏ బిల్లులు ఎక్కడ ఆగాయో కనుక్కుని కదిలించండి. జేబులోంచి ఖర్చుపెట్టి నెలల తరబడి ఎదురుచూసేవాళ్ల నుంచి తెల్లవారుజామున ఆరింటి కొలత ఆశించడం న్యాయం కాదు.

డేటా రావడం మొదలయ్యాక

మొదటి చిత్రం విడుదల చేయమని అన్ని వైపుల నుంచీ ఒత్తిడి ఉంటుంది. చిత్రం ఇవ్వండి, అంకెలు ఇవ్వకండి. పరికరాన్ని సరిచూసే తొలి దశకు నైసార్ మూడు నెలలు పెట్టుకుంది. అది సాకు కాదు, అవసరం.

వారం వారం కూర్చున్నప్పుడు వయసులో చిన్నవాళ్లను ముందు మాట్లాడించండి. మీరు ముందు అభిప్రాయం చెప్పేస్తే "అవును సార్" తప్ప ఇంకేమీ వినబడదు. మన దగ్గర పెద్దల మాటకు ఎదురు చెప్పకూడదన్న అలవాటు గట్టిది. ఇంట్లో దానికి విలువ ఉంది. డేటా ముందు మాత్రం దాన్ని పక్కన పెట్టే అనుమతి మీరే ఇవ్వాలి, ఒకసారి కాదు, ప్రతి వారం. "ఈ మ్యాప్‌లో తప్పేముంది?" అని అడగండి. "బాగుందా?" అని అడగకండి.

వింతగా కనబడిన విలువను చెరిపేయడానికి ఎవరికీ అధికారం ఇవ్వొద్దు. అనుమానం ఉందని గుర్తు పెట్టి అలాగే ఉంచాలి. ఆ గుర్తులున్న విలువల్ని క్రమంగా తిరగేసి చూసే బాధ్యత ఒకరికి పేరుతో అప్పగించాలి. నింబస్-7 ఉపగ్రహం మీది ఓజోన్ పరికరం విషయంలో జరిగింది తెలుసుకోండి. 180 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్ ఎంతుందో చెప్పే కొలమానం) కంటే తక్కువ వచ్చిన విలువలకు సాఫ్ట్‌వేర్ అనుమానపు గుర్తు వేసేది. అంటార్కిటికా మీద ఓజోన్ పడిపోయిందని 1985లో ప్రపంచానికి ముందు చెప్పింది నేల మీద కొలిచిన బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్. అయితే ఉపగ్రహం డేటాను చెరపలేదు కాబట్టి, వెనక్కి వెళ్లి చూసి ఆ రంధ్రం ఎంత పెద్దదో మ్యాప్ గీయగలిగారు.

పరికరం పాడయితే

జరుగుతుంది. ముందే అనుకుని ఉంచండి. నాసా నేల తేమ ఉపగ్రహం స్మాప్ 2015 జనవరి 31న ఎగిరింది. జులైలోనే దాని రాడార్ ఆగిపోయింది. టీమ్ చేతులెత్తేయలేదు. మిగిలిన రేడియోమీటర్‌తో (నేల నుంచి వెలువడే తరంగాలను కొలిచే పరికరం) తేమ కొలుస్తూ, యూరప్ వాళ్ల సెంటినెల్-1 రాడార్ డేటాను కలిపి సూక్ష్మమైన మ్యాపులు తయారు చేశారు. మన మేఘ-ట్రోపిక్స్ 2011 అక్టోబర్ 12న శ్రీహరికోట నుంచి వెళ్లింది. దాని మీది మాడ్రాస్ పరికరం స్కాన్ యంత్రాంగం 2013 జనవరిలో దెబ్బతింది. గాలిలో తేమ కొలిచే సఫీర్ పనిచేస్తూ ఉండటంతో, మూడేళ్లకని పంపిన ఆ ఉపగ్రహం 2021 దాకా సేవలందించింది.

కాబట్టి ప్రయోగానికి ముందే ఒక రోజంతా కూర్చుని ఒక్కో పరికరాన్నీ కాగితం మీద ఆపి చూడండి. ఇది లేకపోతే మన మొదటి పేజీలోని ఏ ప్రశ్నకు జవాబు మిగులుతుంది? ఏ బయటి డేటాతో లోటు పూడుతుంది? ఆ డేటా కోసం ఎవరితో ఇప్పటి నుంచే మాట్లాడాలి? నిజంగా పాడైన రోజు టెన్షన్ ఎలాగూ ఉంటుంది. ఆ రోజు టీమ్‌కి నిజం మొత్తం మీరే చెప్పండి, వాట్సాప్‌లో తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి.

డేటా బయటికి ఇచ్చేటప్పుడు

వర్షన్ నంబర్ లేని ఫైల్ ఒక్కటి కూడా గడప దాటకూడదు. ప్రతి పిక్సెల్‌కూ తేడా అంకె, నాణ్యత గుర్తు ఉండాలి. ఆ గుర్తుల్ని ఎలా చదవాలో రెండు పేజీల్లో తెలుగులో కూడా రాయండి. జిల్లా ఇరిగేషన్, వ్యవసాయ ఆఫీసుల్లో దాన్ని వాడేవాళ్లకు ఇంగ్లిష్ మాన్యువల్ చదివే తీరిక ఉండదు. 2023 నాటి భారత అంతరిక్ష విధానం ప్రకారం ప్రభుత్వ ఉపగ్రహాల నుంచి వచ్చే ఐదు మీటర్లు, అంతకన్నా ముతక డేటా అందరికీ ఉచితం. ఇస్రో వాళ్ల భూనిధి పోర్టల్‌లో ఎవరైనా దించుకోవచ్చు. మీరు ఎన్నడూ చూడని మనిషి మీ అంకెతో నిర్ణయం తీసుకుంటారు. ఫలానా చెరువులో నీళ్లున్నాయని మ్యాప్ చెబితే అప్పు తెచ్చి నారు పోసే రైతు ఉంటారు. కంపచెట్లున్న చెరువుల్లో ఈ మ్యాప్ నీటిని తక్కువగా చూపిస్తుందని, చిన్న కుంటల్లో నమ్మకం తక్కువని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో పెట్టండి.

అల్గారిథమ్ మారినప్పుడల్లా పాత డేటానంతా మొదటి రోజు నుంచి తిరిగి నడపాలి. లేకపోతే వర్షన్ మారిన ఏడాది చెరువులన్నీ హఠాత్తుగా నిండినట్టో ఎండినట్టో గ్రాఫ్‌లో కనబడుతుంది. దానికి కావాల్సిన కంప్యూటర్ టైమ్, డిస్క్, మనుషుల జీతం బడ్జెట్‌లో వేరే పద్దుగా మొదటే అడగండి. ఉపగ్రహం ఆగిపోయాక కూడా కనీసం ఒకసారి తిరిగి నడపడానికి సరిపడా డబ్బు ఉంచుకోండి. ముడి లెవెల్-0 ఫైళ్లు, ఫీల్డ్ పుస్తకాల స్కాన్లు, రిఫ్లెక్టర్లు పెట్టిన చోట్ల జీపీఎస్ బిందువులు, నిర్ణయాల పుస్తకం అన్నీ ఒకే చోట రెండు ప్రతులు పెట్టి, వాటి తాళం ఎవరి దగ్గర ఉందో తర్వాతి మిషన్ టీమ్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి. వాళ్లు మొదటి నెలలో అడిగేవి అవే.